తడి బరువు, పొడి బరువు

"ఫ్రీజర్ తలుపు ఎవరు తెరిచిపెట్టారు?"

పరిశోధక విద్యార్థిని వేసిన కేకకు ల్యాబ్ టెక్నీషియన్ చేతిలో పిపెట్ జారిపోయింది.

"నేనైతే తెరవలేదండీ."

"మరి కొవ్వు పన్నెండు శాతమేంటి? ధ్రువ సముద్రపు జంతుప్లవకాలండీ ఇవి! చలికాలమంతా తిండి లేకుండా ఒంట్లో నూనెతోనే నెట్టుకొస్తాయి. సగానికి పైగా కొవ్వే ఉండాలి. సాంపిల్స్ కరిగి పాడైపోయినట్టున్నాయి!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓడలో నలభై రోజులు వాంతులు చేసుకుంటూ, మంచునీళ్లలో వల వేసి పట్టిన బియ్యపుగింజంత జీవులవి. మళ్లీ ఓడ ఎక్కనివ్వరు. థీసిస్ అటకెక్కినట్టే.

అతను ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఆరునెలలుగా అదే వరస. ఆమె అతనికి 'మౌనముని' అని పేరు కూడా పెట్టేసింది. అందరి ట్యూబుల మీదా కోడిగీతలు గీకేసే ఆ మనిషి, ఆమె ట్యూబుల మీద మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తాడని ఆమెకు తెలుసు. తెలియనట్టు నటించడం ఇంకా బాగా తెలుసు.

మధ్యాహ్నం, సాంపిల్స్‌తో పాటు తను అతనికిచ్చిన పరీక్ష ఫారం మళ్లీ తీసి చూసింది. 'తడి బరువు', 'పొడి బరువు' అని రెండు గళ్లు. టిక్ పెట్టాల్సింది తనే. ఎందులోనూ పెట్టలేదు! పాపం, అతను తడిగానే తూచి లెక్క కట్టాడు. వీటి ఒంట్లో అయిదింట నాలుగు వంతులు నీళ్లే. ఆ నీళ్లు తీసేస్తే పన్నెండు కాస్తా అరవై!

పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్క పరుగున వెళ్లేసరికి అతను ప్రొఫెసర్ గది గుమ్మంలో ఉన్నాడు, చేతిలో కాగితంతో. ఆమె లాక్కుని చదివింది.

'ఫ్రీజర్ తలుపు నా పొరపాటు వల్లే తెరిచి ఉండిపోయింది. ఆమెకు ఇంకో అవకాశం ఇప్పించగలరు.'

"తెరవలేదన్నారుగా!"

"తెరవలేదు. తప్పు నాదైతే మిమ్మల్ని మళ్లీ ఓడ ఎక్కనిస్తారేమోనని..."

"ఉద్యోగం ఊడేది, తెలుసా?"

"ఊడితే ఊడేది. మీరు ఏడుస్తుంటే చూడలేకపోయాను."

"ఏడవక్కర్లేదు. సాంపిల్స్ బంగారంలా ఉన్నాయి. టిక్ పెట్టకుండా మీ మీద అరిచింది నేను." అంటూనే ఏడ్చేసింది. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి గుప్పిట్లో బిగించింది. ఈ మనిషంటే తనకు ప్రాణమని ఆ క్షణాన ఇక దాచుకోలేకపోయింది.

తలుపు తెరుచుకుంది. ప్రొఫెసర్ కళ్లజోడు సవరించుకున్నారు.

"ఏంటమ్మా, ఏం కావాలి?"

"సెలవు కావాలి మేడమ్."

"ఎవరికి?"

"ఇద్దరికీ. ఈయన్ని మా అమ్మకి చూపించాలి."