అద్దానికి ఆనిన వేలు

ఆ పెట్టెలో భూతద్దం లేదు. అడుగున గోరంత సెన్సరు, పైన చిన్న దీపం, అంతే. మధ్యలో గాజు పలక పెడితే, దానిమీది నలుసుల నీడలు తిన్నగా సెన్సరు మీద పడతాయి. ఆ నీడే తెర మీద బొమ్మ. నలుసు సెన్సరుకి ఆనుకుని ఉంటే గీత గీసినట్టు కనిపిస్తుంది. కాస్త ఎడమైతే చాలు, నీళ్లలో రాయి వేసినట్టు వలయాలుగా చెదిరిపోతుంది. ఎంత దూరమైతే అంత పెద్ద వలయాలు.

రాళ్లు పిండి చేసే మిల్లులో, పనివాళ్ల కఫం పరీక్షించే చీకటి గదిలో, ఆమె పదకొండేళ్లుగా ఆ నీడలు చదువుతోంది.

భోజనాలయ్యాక మిల్లు యజమాని పెద్దసారు వచ్చాడు. చేతిలో శుభ్రంగా కడిగిన పలక.

“ఆ పిల్ల కఫం పక్కన పడేసి, దీని బొమ్మ తియ్యమ్మా. ఏ జబ్బూ లేదని కాగితం ఇచ్చేద్దాం. పీడా పోతుంది.”

వరండాలో, రాతిపిండి జల్లించే ఆ పిల్ల దగ్గుతోంది. రెండు నెలల కిందట దాని అక్క కూడా ఇలాగే దగ్గి దగ్గి పోయింది. అదే జల్లెడ దగ్గర, అదే పని. అక్క కఫంలో సూదుల్లాంటి రాతి ముక్కలు ఈమె కళ్లారా చూసింది. సారు ఆ పలక తుడిపించేసి, “నాకే జబ్బూ లేదు” అని రాసిన కాగితం మీద అక్క చేత వేలిముద్ర వేయించుకున్నాడు. ఎప్పుడో మిల్లు బెల్టులో పడి కోసుకుపోయిన బొటనవేలు అది. ముద్రకి అడ్డంగా పెద్ద గాటు.

ఆ పలక తుడిచింది ఈమే. ఉద్యోగం పోతుందని నోరు కుట్టేసుకుంది. అన్యాయం చేసేవాడికి కావలసింది ఇలాంటి చేతులే. అవి లేకపోతే వాడు ఒక్కరోజు నిలబడగలడా?

ఇవాళా చేతులు కదిలాయి. కడిగిన పలక పెట్టి బొత్తాం నొక్కింది. తెర తెల్లగా రావాలి.

పెద్ద వలయాలు వచ్చాయి.

“ఏదో ఉంది సార్… దూరంగా.”

“కడిగింది నేనే. మళ్లీ తియ్యి.”

వలయాలు చిన్నవయ్యాయి. పలక బయటికి తీసేసి, ఉత్త పెట్టెలోనే మళ్లీ నొక్కింది. ఇంకా చిన్నవి… లోపల సన్నటి గీతలు…

“దగ్గరికొస్తోంది సార్,” అంది గొంతు తగ్గించి.

గదిలో తడిసిన రాతిపొడి వాసన. నాలుగో బొమ్మ. ఒక్క వలయం కూడా లేదు. బొటనవేలు. గీత గీతా లెక్కపెట్టొచ్చు. అడ్డంగా గాటు.

“ఆనింది…”

“నోర్ముయ్! మురికి!” సారు జేబురుమాలు తీసి పెట్టెలో వేలు పెట్టాడు. తుడిచాడు.

వేలు బయటికి రాలేదు. లాగాడు. రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టు…

అప్పుడు మొదలైంది దగ్గు. పొడి దగ్గు. ఆయన ఛాతీలో జల్లెడ ఆడిస్తున్న చప్పుడు ఆమెకి స్పష్టంగా వినిపించింది. జన్మలో ఒక్కసారైనా జల్లెడ గది గడప తొక్కని మనిషి. నోట్లోంచి తెల్లటి పిండి రాలింది.

దగ్గు ఆగాకే పెట్టె ఆ వేలు వదిలింది. నలుగురు మోసుకుపోయేసరికి ఊపిరి లేదు.

ఆమె ఆ పిల్ల అసలు పలక పెట్టింది. సూదులు. ఉన్నదున్నట్టు రాసింది. అక్క కఫంలో ఏం కనబడిందో అదీ రాసి, కింద సంతకం పెట్టి బయటికొచ్చింది.

“ఇది పట్టుకుని ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్లు తల్లీ. మళ్లీ ఆ జల్లెడ మొహం చూడకు. మీ అక్కదీ రాశాను.”

ఆ పిల్ల కాగితం చూసింది. తరవాత ఆమె మొహం చూసింది.

“అప్పుడెందుకు రాయలేదక్కా?”

ఆ పిల్ల వెళ్లిపోయింది.

పెట్టె ఆపేద్దామని ఆమె లోపలికొచ్చింది. అలవాటు కొద్దీ ఒక్కసారి నొక్కింది. పలక లేదు, నలుసు లేదు. తెల్లటి తెర మీద ఒకే ఒక్క వలయం. పెద్దది, పలచనిది. చాలా దూరంలో ఉంది.

వెళ్లిపోతోందా… వస్తోందా?

తెలియాలంటే ఇంకో బొమ్మ తీయాలి. ఆమె బొత్తాం మీద నుంచి వేలు తీసేసింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుంది.

పెట్టెలో దీపం తనంతట తానే వెలిగింది.