పెరట్లో ఇనుప బెంచీ

స్టవ్ మీద పాలు చూస్తూ చూస్తూ మీనాకుమారి ఒకసారి కిటికీలోంచి పెరట్లోకి చూసింది. నాలుగేళ్ల కూతురు చాందిని కొత్త బెంచీ ఎక్కుతోంది. ఎక్కడం ముందునుంచి కాదు, వెనకనుంచి. వీపు ఆనే పట్టీలను నిచ్చెన చేసుకుని, పైకమ్మీ పట్టుకుని వేలాడుతోంది. బెంచీ ముందు కాళ్లు గాల్లోకి లేచాయి.

ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలియదు. పిల్లను ఒక చేత్తో లాగేసరికి బెంచీ రెండో చేతిని రాసుకుంటూ వెల్లకిలా పడింది. మణికట్టు కమిలిపోయింది. లోపల పాలు పొంగిపోయినా ఎవరికీ పట్టలేదు.

ఆ బెంచీ మామగారు నూకరాజు చేసింది. ఆ బెంగాలీ ఊళ్లోనే రైలుపెట్టెల్లో సీట్లు బిగించి బిగించి రిటైరైన మనిషి. గోల్‌బజార్‌లో మూలలు గుండ్రంగా ఉన్న బెంచీ చూశాను, అది కొందామని కోడలు ముందే చెప్పింది. ఆయన వినలేదు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. ఆ ఇంట్లో ఆయనకు ఎదురు చెప్పినవాళ్లు లేరు, గూడ్సుబండి మీద డ్యూటీకి పోయిన కొడుకు మోహనకృష్ణతో సహా.

చప్పుడుకు నూకరాజు, ఆయన భార్య అప్పలనర్సమ్మ బయటికొచ్చారు.

"పిల్లని సూసుకోవాల గాని, బెంచీనేటి పడగొట్టేసినావు?" అన్నాడాయన.

"నాను పడగొట్టనేదు మావయ్యా, అదే పడింది. నాను లాగకపోతే పిల్ల దాని కింద ఉండేది."

"ఎక్కి గెంతి మరీ సూసినాను, కదల్నేదు. నా సీట్ల మీద కూకుని దేశమంతా తిరిగినారు. ఒక్కడు పడినాడా?"

"మీరు సీటు మీద గెంతినారు. పిల్లలు సీటు మీదే ఉంటారేటి?" మీనాకుమారి పిల్లను చంకనెత్తుకుంది. "ఈ బెంచీ ఉంటే పిల్లని మాయమ్మ దగ్గరికి తీసుకెళ్లిపోతాను. ఎవలేటనుకున్నా సరే."

అప్పలనర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనవరాలు లేకపోతే ఆ ముసలివాళ్లకు పొద్దు గడవదు.

"ఎల్లమ్మా, ఎల్లు," అన్నాడు నూకరాజు. అంటూనే బెంచీని లేపి నిలబెట్టి, దాని వెనక్కి వెళ్లాడు. చాందిని వేలాడినచోటే కమ్మీ పట్టుకుని మెల్లగా కిందికి లాగాడు. ముందు కాళ్లు లేచాయి. నమ్మలేక మళ్లీ లాగాడు. మళ్లీ లేచాయి.

ఆయన అక్కడే చతికిలబడ్డాడు.

"బండిలో సీటుకి ఎనకాల గోడుంటాది, కింద బోల్టులుంటాయి. ఒంటరిగా నిలబడే సీటు నానెప్పుడు సేసినాను..." తన అరచేతులు చూసుకున్నాడు. "నా సేతుల్తోనే పిల్లని సంపుకుందును గదమ్మా."

మీనాకుమారి కోపం నీరుగారిపోయింది. పిల్లను తీసుకెళ్లి ఆయన ఒడిలో కూర్చోబెట్టింది.

సాయంత్రం గోల్‌బజార్ దుకాణంలో ఆమె ప్రతి బెంచీనీ వెనకనుంచి లాగి చూసింది. పట్టీల సందుల్లో చిన్నవేళ్లు ఇరుక్కుంటాయేమో చూసింది. కాళ్లను సిమెంటులో బిగించే వీలుందా అని అడిగింది. నూకరాజు చాందినిని ఎత్తుకుని వెనకే నిలబడ్డాడు. దుకాణదారు మాత్రం ఆమెను వదిలేసి, తళతళలాడే బెంచీ ఒకటి పెద్దాయనకు చూపించాడు.

"బౌమా?" ఆమె మీ కోడలా అని బెంగాలీలో అడిగాడు.

"నా దాదా, మేయే," అన్నాడు నూకరాజు. కాదు, కూతురట. ఆమె సరేనన్నదే మా పెరట్లోకి వస్తుందని కూడా ఆ భాషలోనే చెప్పాడు.

బెంచీ అడుగున మేకులు తడుముతున్న మీనాకుమారి, కన్నీళ్లు ఆగేదాకా అలాగే వంగి ఉండిపోయింది.