ఐదో ముక్క

"మీ ప్రోగ్రాం నా వానని తీసుకోవడం లేదండీ."

ఫోనులో నది ఒడ్డున వాన కొలిచే కేంద్రం నుంచి ఆడగొంతు. వాతావరణ కార్యాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఆ కుర్రాడికి పొద్దున్నుంచి అది ఏడో ఫిర్యాదు. వచ్చిన ప్రతి లైన్నీ కామా దగ్గర కోసి ముక్కలు చేసే ప్రోగ్రాం రాశాడని ఆఫీసువాళ్ళూ, కేంద్రాలవాళ్ళూ అతన్ని కత్తెర అంటారు.

"ఏం పంపారు?"

"తేదీ, టైము, వాన, నది మట్టం, గమనిక. రోజూ పంపేవే."

"గమనికలో ఏం రాశారు?"

"సన్న చినుకులు, పడమటి గాలి, నది కాస్త బురదగా, కప్పలు కూడా."

"కప్పలెందుకండీ?"

"ఉన్నాయి కాబట్టి."

నవ్వు ఆపుకొని విసుగ్గా అన్నాడు. "నాకు ఐదు ముక్కలే రావాలి. మీ కామాల వల్ల ఎనిమిదవుతున్నాయి."

"కామా లేకుండా వాన గురించి ఎలా చెప్పాలో మీరే చెప్పండి, రాసుకుంటాను."

అతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "పది నిమిషాలాగండి, సరిచేస్తా. తర్వాత మీ ఇష్టమొచ్చినన్ని కామాలు పెట్టుకోండి."

సరిచేయడమంటే అతను చేసింది ఒకటే. ఎన్ని ముక్కలొచ్చినా గోల పెట్టకుండా, మొదటి ఐదూ ఉంచుకొని తక్కినవి పారేయమని ప్రోగ్రాంకి చెప్పాడు. లైను చేరగానే పంపినవాళ్ళకి "అందింది" అని దానంతటదే జవాబు వెళ్తుంది. ఆ ఏర్పాటు ముందునుంచీ ఉన్నదే. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ తొందరలో అతనికి తట్టలేదు. తొందరలో తట్టని సంగతులే మనుషుల్ని దూరం చేస్తాయి.

ఆ రోజునుంచి పొద్దున్నే ముందు ఆమె కేంద్రం తెరిచి చూసేవాడు. "సన్న చినుకులు" అని ఉండేది. మర్నాడు "ఎండ". కప్పల ఊసే లేదు. తనే కసిరి మాన్పించానేమో అని దిగులు. ఫోన్ చేద్దామంటే వంక లేదు, ప్రోగ్రాం శుభ్రంగా పనిచేస్తోంది మరి.

"అరవై కేంద్రాలున్నాయిరా మనకి," అనేది పక్క సీటులో పనిచేసే అక్క. "తక్కినచోట్ల వాన పడదా ఏంటి?"

ఆ మాటకి సిగ్గుపడి అటు చూడ్డం మానేశాడు. మూడు వారాలు గడిచాయి. శనివారం పొద్దున్న ఉండబట్టలేక మళ్ళీ ఆమె కేంద్రం తెరిస్తే, ఆ అక్కే అతని భుజం మీదుగా తొంగి చూసింది. గమనికల వరసలో ఒక్కో రోజుకి ఒక్కో మాట: మీరు. ఆదివారం. నిన్న. ఇవాళ.

"మీరు అనే వాన ఎప్పుడూ వినలేదే," అంది. "ఎన్ని మిల్లీమీటర్లట?"

అతనికప్పుడు గుర్తొచ్చింది. కోయకముందు లైన్లు ఎలా వచ్చాయో దాచే ఫైలు ఒకటుంది. ఎవరూ చూడరు. తెరిచాడు.

"మీరు, ఫోనులో విసుక్కున్నా, గొంతు మాత్రం బాగుంది, కప్పలు కులాసా."

"ఆదివారం, సెలవే కదా, ఒకసారి వచ్చి నది చూడకూడదూ, పాత వంతెన మీద పదింటికి ఉంటాను."

"నిన్న, పన్నెండు దాకా నిలబడ్డాను, అందింది అన్నారుగా, రాలేనని ఒక్క మాట అనాల్సింది."

చివరిది ఆ పొద్దుటిది. "ఇవాళ, ఒంటిగంట బస్సుకి వెళ్ళిపోతున్నాం, నాన్న రిటైరయ్యారు, ఇక్కడ యంత్రం పెడతారట, ఇక విసిగించను."

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఎక్కడికి వెళ్తున్నారో ఏ ముక్కలోనూ లేదు.

"ఇంకా కూర్చున్నావేంరా?" అంది అక్క.

"ఒక్క నిమిషం. ముందు ఇది మార్చాలి." ఒకే ఒక్క అంకె మార్చి, గొడుగు మరిచి పరిగెత్తాడు.

బస్సు దిగేసరికి పన్నెండున్నర. వాన. కేంద్రం క్వార్టర్ వరండాలో ట్రంకు పెట్టె, రెండు పరుపుచుట్టలు. తాడు బిగిస్తున్న పెద్దాయన తలెత్తాడు.

"ఎవరు బాబూ, యంత్రం తెచ్చారా?"

"కాదండీ. ప్రోగ్రాం..."

"కత్తెర గారా," అంది వెనకనుంచి ఆ గొంతు. చేతిలో వాన కొలిచే గాజు గొట్టం. జడ చివర నీళ్ళు కారుతున్నాయి. "నది చూడ్డానికైతే వారం ఆలస్యమయ్యారు."

"మీ మాటలు నాకు చేరలేదండీ. మొదటి కామా దగ్గరే తెగిపోయాయి. నేనే తెంపాను."

"మరి అందింది అన్నది?"

"అది ప్రోగ్రాం అంటుంది. ఎవరేం పంపినా అంటుంది."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. పెద్దాయన తాడు ముడి వేస్తూ అన్నాడు. "నమ్మొచ్చే అమ్మా. ముప్పై ఏళ్ళు మీ అమ్మ మాట నేనూ మొదటి ముక్క వరకే విన్నాను. ఇతనెవరో మిగతాది వెతుక్కుంటూ వచ్చాడు."

"నాన్నా, ఫోన్ ఇటివ్వు."

"పొద్దున నేను చేస్తే ఎత్తలేదు," అన్నాడతను.

"కావాలనే." మెట్టు మీద కూర్చుని చివరి కొలత టైపు చేస్తూ అడిగింది. "ఇప్పుడెలా కోస్తుంది?"

"నాలుగు చోట్ల కోసి ఆగిపోతుంది. మిగిలినదంతా, ఎంత పొడుగున్నా, ఒకటే ముక్క."

"అలా చెప్పొచ్చని ముందు తెలియదా?"

"తెలుసు. గమనికలు ఎవరు చదువుతారులే అనుకున్నా."

ఆమె చాలాసేపు టైపు చేసింది. పంపింది. టింగుమంది: అందింది.

"ఇది ప్రోగ్రామేగా?"

"ప్రోగ్రామే." అతను తన ఫోనులో గమనికల వరస తెరిచి, తడిసిన అద్దం చొక్కాకి తుడిచి, పైకి చదివాడు. "మోస్తరు వాన, కప్పలు సెలవు తీసుకున్నాయి, మీ ఊళ్ళోనే మా అక్క ఇల్లు, నీళ్ళ ట్యాంకు వీధి, మూడో గేటు, మేడమీద, ఎడమ తలుపు, వచ్చేముందు చెప్పి రండి, మళ్ళీ పన్నెండు దాకా నిలబడలేను."

బస్సు హారన్ వినిపించింది. ట్రంకు పెట్టె ఒక చివర పెద్దాయన పట్టుకుంటే, రెండో చివర అతను ఎత్తాడు. ఆమె ఇంకా మెట్టు మీదే ఉంది.

"ఏంటీ, మీరేం అనరా?"

"అందింది," అన్నాడతను.