ఒక్క మలుపు కింద

డ్రైనోగ్ కోట ముందు కారు ఆపేసరికి రెండు దాటింది. నవంబరు నెల, గురువారం. అక్కడ నాది తప్ప ఇంకో కారు లేదు. సముద్రం మీంచి సన్నటి వాన అడ్డంగా కొడుతోంది. కారులోనే కూర్చుని రొట్టె, చీజూ తిన్నాను. ఫ్లాస్కు మూత తీశాక తెలిసింది, టీ ఇద్దరికి సరిపడా పోసుకొచ్చానని. మా ఆవిడ పోయి పద్దెనిమిది నెలలైనా చెయ్యి ఇంకా పాత కొలతే కొలుస్తోంది.

నా పేరు ఇడ్వాల్ ప్రిథర్చ్. బెథెస్డాలో నలభై ఏళ్లు ఇళ్ల కప్పులకు పలకరాయి వేశాను. నా భార్య ఎలినెడ్‌కి కోటలంటే ప్రాణం. నేను పని మానేశాక గురువారం వచ్చిందంటే ఏదో ఒక కోటకి బయల్దేరేవాళ్లం. ఆమె రాజుల సంగతులు చదివి వినిపించేది. నేను గోడల్లో రాయి ఎలా కూర్చారో చూసుకునేవాణ్ణి. మా వైపు మేం చూడనిది ఈ ఒక్క కోటే. అది చూసేస్తే ఆమె మొదలుపెట్టిన పని పూర్తి చేసినట్టుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఇంకో గురువారం ఆ ఇంట్లో గడపలేక వచ్చాను.

టికెట్ గదిలో టెగ్వెన్ అనే ఆవిడ ఉంది. అరవై దగ్గర పడి ఉంటాయి. తల మీద ఊలు టోపీ, కాళ్ల దగ్గర చిన్న హీటరు. నా కోటల సభ్యత్వ కార్డు చూసి, ఇది ఇద్దరి కార్డు కదా, రెండోవారు కారులోనే ఉండిపోయారా అని అడిగింది. ఒక్కణ్ణే వచ్చానన్నాను. ఆవిడ కార్డు వెనక్కి ఇచ్చేసి కాసేపు కిటికీలోంచి వాన చూసింది.

"ఈ వానలో కోటలో ఉన్నామంటే మనిద్దరిలో ఒకరికి తిక్క ఉండాలి. నాకైతే జీతమిస్తున్నారు," అంది.

చాన్నాళ్ల తర్వాత నవ్వాను.

పొద్దుటి నుంచి ఆ కోటకి వచ్చింది నేనొక్కణ్ణేనట. నాలుగింటికి గేటు వేసేస్తానని చెప్పింది. పడమటి బురుజు మెట్లు తడిగా ఉంటాయి, గోడకి కట్టిన తాడు వదలొద్దని రెండుసార్లు చెప్పింది.

కప్పులేని హాలు, గడ్డి మొలిచిన వంటశాల, గోడ కంతల్లో ముడుచుకున్న కాకులు... అన్నీ చూసి పడమటి బురుజు ఎక్కాను. లోపలికి అడుగు పెట్టగానే వాన చప్పుడు తెగిపోయింది. మెలికలు తిరుగుతూ పైకి పోయే రాతి మెట్లవి. ఒక మనిషికే చోటు. రెండు మలుపులకో సన్నటి కంత, అందులోంచి బూడిదరంగు వెలుతురు. తడిసిన రాయి వాసన. అలవాటు కొద్దీ మెట్లు లెక్కపెట్టాను. అరవై రెండు.

పైన సముద్రం, మబ్బు కలిసిపోయి ఉన్నాయి. "అదిగో చూడు," అనబోయి నోరు మూసుకున్నాను. అయిదు నిమిషాలుండి దిగడం మొదలుపెట్టాను.

ఇరవై మెట్లు దిగానేమో, కింద ఎవరో దగ్గారు.

నా తర్వాత ఎవరో వచ్చినట్టున్నారు అనుకున్నాను. మెట్టు మెట్టుకీ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎక్కుతున్నారు. ఒక కంత దగ్గర గోడలో కాస్త గుంట ఉంటే అందులోకి ఒదిగి నిలబడ్డాను. రండి, దారి ఇచ్చాను అని కిందికి కేక వేశాను.

అడుగులు ఆగిపోయాయి.

"మీరే దిగండి బాబూ," అంది ఒక గొంతు. గుసగుస కంటే కొంచెమే పెద్దది. ముసలి గొంతు. ఆడో మగో తెలియలేదు. "నేను నెమ్మది మనిషిని."

దిగాను. ఆ అడుగులు కూడా నాకు దారి ఇస్తూ వెనక్కి దిగాయి. నేను ఆగితే ఆగాయి. ఎప్పుడూ ఒక్క మలుపు కిందే. మనిషి మాత్రం కనబడడు. నా చేతిలో తాడు బిగిసి ఉంది, కింద ఇంకో చెయ్యి పట్టుకున్నట్టు.

అప్పుడు భయం వెయ్యలేదు. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, సంతోషమేసింది. ఎక్కడి నుంచి వచ్చారని ఆ గొంతు అడిగింది. చెప్పాను. కోటలంటే ఇష్టమా అంది. నాకు కాదు, మా ఆవిడకి అన్నాను. ఆవిడ గురించి చెప్పండి అంది. ఏడాదిన్నరగా ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. గోడకి ఆనుకుని చెబుతూ పోయాను. ఆమె జబ్బు గురించి, ఆస్పత్రిలో చివరి వారం గురించి, ఆమె దువ్వెన ఇప్పటికీ అద్దం దగ్గరే ఉన్న సంగతి. కింద నుంచి మధ్య మధ్య "ఊ" అని వినబడేది. దగ్గరగా, ఓపిగ్గా.

"ఇప్పుడు ఇంటి దగ్గర మీ కోసం ఎవరైనా చూస్తుంటారా?"

"ఎవరూ లేరు," అన్నాను.

"అయితే తొందరేముంది."

ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. చీకటి పడుతోంది, పోవాలి అని దిగసాగాను. నలభై మూడు, నలభై నాలుగు. అరవై. అరవై రెండు. ఇక్కడ గుమ్మం ఉండాలి. లేదు. మెట్లే. డెబ్భై. ఎనభై అయిదు. పక్కన కంతలోంచి చూస్తే గడ్డి ఇందాక ఎంత లోతున ఉందో అంతే లోతున ఉంది. తడి ఊలు వాసన. ఆరిన కొవ్వొత్తి వాసన. తొంభై ఎనిమిది...

ఈసారి అడుగులు వెనక్కి దిగడం లేదు.

ఎక్కుతున్నాయి.

అప్పుడు ఎక్కడో దూరంగా టెగ్వెన్ కేక వినబడింది. "ప్రిథర్చ్ గారూ! గేటు వేస్తున్నాను!"

నేను నోరు తెరిచేలోపు నా కింద నుంచి జవాబు వెళ్లింది.

"వస్తున్నానండీ."

అది నా గొంతు. నా జీర, నా యాస... నా మాటే.

తాడు చేతిలో మెల్లగా కిందికి జారుతోంది. ఎవరో లాక్కుంటున్నట్టు. మలుపు దగ్గర గోడ మీద ఏదో నల్లగా ఆనింది. ఒక భుజమో... తలో... నేను కళ్లు మూసుకున్నాను.

"ప్రిథర్చ్ గారూ." ఈసారి గొంతు దగ్గరగా ఉంది. మూసిన రెప్పల మీద టార్చి వెలుగు పడింది. "నన్నే చూడండి. మెట్లు చూడకండి. రండి."

ఆవిడ నాకు పదకొండు మెట్ల కింద, గుమ్మంలో నిలబడి ఉంది. మా ఇద్దరి మధ్య ఎవరూ లేరు.

టికెట్ గదిలో హీటరు ముందు కూర్చోబెట్టి టీ ఇచ్చింది. గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. నేను బురుజులో ఉన్నది పావుగంట అనుకున్నాను. మామూలుగా అయితే ఆ జవాబు వినగానే ఆవిడ గేటు దగ్గరికి వెళ్లిపోయేదే. కానీ ఆ గొంతు మరీ దగ్గర నుంచి, తన మొహం ముందు నుంచే పలికిందట. అక్కడ చూస్తే ఎవరూ లేరట.

"అది అడిగిందా?" అంది. "ఇంటి దగ్గర ఎవరున్నారని?"

తల ఊపాను.

"మీరేం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను."

టెగ్వెన్ తొమ్మిదేళ్లుగా అక్కడ పనిచేస్తోందట. అది తనని అడిగినప్పుడల్లా, మా అమ్మ చూస్తూ ఉంటుంది అని చెప్పి తప్పించుకుంటుందట. వాళ్లమ్మ పోయి పన్నెండేళ్లయింది. ఆవిడ కూడా ఒంటరిదే. ఒక కాగితం మీద ఫోన్ నంబరు రాసి నా జేబులో పెట్టింది. ఇంటికి చేరగానే చెయ్యమంది. ఆ రోజుకే కాదు, రోజూ సాయంత్రం ఆరింటికి చెయ్యాలంది.

"మీ ఫోన్ కోసం నేను చూస్తూ ఉంటాను. అప్పుడు అది మళ్లీ అడిగినా మీరు అబద్ధం ఆడక్కర్లేదు కదా," అంది.

చేశాను. శీతాకాలమంతా రోజూ చేశాను. మొదట్లో రెండు ముక్కలు. వచ్చానండీ, బాగున్నానండీ. తర్వాత ఆమె వండుకున్న సూపు గురించి, నా మోకాలి గురించి, ఆమె పక్కింటివాళ్ల కుక్క గురించి. క్రిస్మస్ నాటికి 'గారు'లు పోయాయి. జనవరి వచ్చేసరికి పొద్దున లేవగానే, సాయంత్రం ఏం చెప్పాలా అని ఆలోచించేవాణ్ణి. ఆమె మాత్రం తక్కువ మాటల మనిషి. పొడిపొడిగా మాట్లాడేది. గట్టిగా నవ్వగా నేను వినలేదు. అయినా చాలు అనిపించేది.

ఫిబ్రవరిలో ఒక రోజు పంటి నొప్పికి బాంగోర్ వెళ్లాను. వచ్చేటప్పుడు గాలికి చెట్టు విరిగి రోడ్డుకి అడ్డంగా పడింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఇంటికి చేరేసరికి ఏడు దాటింది. కోటు కూడా విప్పకుండా ఫోన్ చేశాను. ఆలస్యమైంది, చెట్టు పడింది, కంగారు పడ్డావా అని గబగబా చెప్పుకుపోయాను.

అవతల ఊపిరి మాత్రం వినబడుతోంది.

"టెగ్వెన్?"

"ఇడ్వాల్ ఆరింటికే చేశాడు," అంది. "గంటసేపు మాట్లాడుకున్నాం. తర్వాత తన గొంతుతో ఇంకొకడు చేస్తాడని ముందే చెప్పాడు. ఏం చెప్పినా నమ్మొద్దన్నాడు."

"టెగ్వెన్, నేనే..."

"ఇంకెప్పుడూ చెయ్యకు," అని పెట్టేసింది.

మళ్లీ చేశాను. లైను ఖాళీ లేదు, ఎవరితోనో మాట్లాడుతోంది. మళ్లీ చేశాను. అప్పుడూ అంతే. కారు తీశాను.

ఆమె ఇల్లు కోటకి మైలు దూరమని మాటల్లో ఎప్పుడో చెప్పింది. నేను చేరేసరికి ముందు గదిలో దీపం వెలుగుతోంది. తెర వెయ్యలేదు. టెగ్వెన్ కిటికీకి ఎదురుగా కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. చెవి దగ్గర ఫోన్. తల వెనక్కి వాల్చి, కళ్లు తుడుచుకుంటూ, చిన్నపిల్లలా నవ్వుతోంది.

నా ఫోన్ నా చేతిలోనే ఉంది.

అద్దం మీద మెల్లగా తట్టాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది. నవ్వు ఆగిపోయింది. నా మీంచి చూపు తిప్పకుండా ఫోన్‌లో ఏదో చెప్పింది. అవతలి మాట విని, సరే అన్నట్టు తల ఊపింది.

లేచి వచ్చి తెర లాగేసింది.