అత్తరు దూది

చదివేవాళ్లు మన్నించాలి. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడైనా తప్పి ఉంటాయి. ఒక్క పేజీ నిండేసరికి పొద్దు గూకుతుంది. కథలో మనుషులు మాత్రం నాలాగా నెమ్మదివాళ్లు కాదు. వాళ్ల వెనక పడుతూ లేస్తూ రాశాను.

ప్రేమ్‌సాగర్ హత్య జరిగిన రోజు ఆ ఊరంతా చేతుల్లో చామంతులు పట్టుకుని నడిచింది.

స్పెయిన్‌లో అదొక పాత యూనివర్సిటీ ఊరు. నవంబరు మొదటి తేదీన అక్కడ అందరూ తమవాళ్ల సమాధుల దగ్గరికి పోతారు. శ్మశానం గోడ పక్క బెంచీ మీద ప్రేమ్‌సాగర్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయి ఉన్నాడు. చొక్కా నలగలేదు. ముఖం మీద ఇంకా నవ్వు ఉంది. తెలిసినవాళ్లు ఎదురైనప్పుడు నవ్వే నవ్వు. గుండె ఆగిపోయిందని డాక్టర్లు రాశారు. చెవి కింద ఉన్న గోధుమరంగు మచ్చను అతనితో కలిసి వచ్చిన రెబెక్క ఒక్కతే చూసింది.

కాగితాల మీద వాళ్లిద్దరూ విద్యార్థులు. ఒక సెమిస్టర్ పాటు స్పానిష్ భాష, సంస్కృతి చదవడానికి ఇండియా నుంచి వచ్చినవాళ్లు. అసలు పని వేరు. ఆ ఊళ్లో గూడు కట్టుకున్న ఒక విదేశీ ముఠా మన ఇంజనీర్లను ఒక్కొక్కరినే మాయం చేస్తోంది. దాని ఆనవాలు పట్టుకోవాలి. కవర్ నిజంలా ఉండాలంటే చదువు కూడా నిజంగానే చదవాలి కదా. ఇద్దరూ క్రియలు బట్టీ పట్టారు. మధ్యాహ్నం మూడు దాటాక అన్నం తినడం, చింతపండు లేని పప్పును మెచ్చుకోవడం నేర్చుకున్నారు. ఒక పందెం కూడా వేసుకున్నారు. తమలో తాము కూడా తెలుగు మాట్లాడకూడదు. నోరు జారినవాళ్లు ఆ పూట గిన్నెలు తోమాలి.

అందుకే ఇప్పుడు, చనిపోయాక కూడా, అతను రెబెక్క దగ్గరికి స్పానిష్‌లోనే వస్తున్నాడు.

వికారాబాదులో తన ఇంట్లో ఆమె అద్దం ముందు తల దువ్వుకుంటుంటే వస్తాడు. అనంతగిరి గుట్ట ఎక్కే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే వస్తాడు. మెడ వెనక నుంచి, నెమ్మదిగా, "కాన్సాదా?" అంటాడు. అలసిపోయావా అని. తల్లితో చెప్పుకుందామంటే ఆమెకు ఆ భాష రాదు. పాస్టరు గారికి రాదు. ఊళ్లో ఎవరికీ రాదు. చనిపోయినవాడిని పరాయి భాషలో మోయడం అంత ఒంటరి పని ఇంకొకటి లేదు.

జనవరిలో వాళ్ల గూఢచారి సెక్షన్ చీఫ్ రాజేందర్ ఆమెను వికారాబాదు స్టేషన్ ఎదురుగా ఉన్న టీ హోటల్‌కు పిలిచాడు. విత్తనాల కంపెనీ ఏజెంటు వేషంలో ఉన్నాడు. నెత్తిన కంపెనీ టోపీ, చేతిలో పత్తి విత్తనాల ప్యాకెట్లు.

"ఆపరేషన్ సీతాఫలం," అన్నాడు గొంతు తగ్గించి. "యాసీన్ అని తాండూరు పిలగాడు. నేవీకి సీక్రెట్ కోడ్ తయారుచేస్తుండు. సగం కంప్యూటర్ల ఉన్నది, సగం వాని నెత్తిల ఉన్నది. శుక్రవారం వాని పెండ్లి. గా పెండ్లిలనే వాన్ని ఖతం చేస్తరని ఖబర్ వచ్చింది."

"పెండ్లి వాయిదా ఎయ్యమనున్రి సార్."

"అడిగిన. వాళ్లమ్మ షాహజాది నన్నే వాయిదా ఏసేటట్టున్నది."

రెబెక్క నవ్వలేదు. "ఎట్ల చంపుతరంట?"

"నువ్వే చెప్పాలె. ప్రేమ్‌సాగర్‌ను ఎట్ల చంపిన్రు?"

ఆమె టీ గ్లాసును బల్ల మీద నెమ్మదిగా పెట్టింది. "అక్కడ తెలిసినోళ్లు కలిస్తే చెంపకు చెంప ఆనిస్తరు సార్, రెండు పక్కల. గది వాళ్ల మర్యాద. గా మర్యాద చేసుకుంటనే చెవి కింద విషం పూసిన్రు. మనకు తెలిసిన మనిషే. గందుకే నవ్విండు."

"అంటే గీ ముఠా మర్యాదతోని చంపుతది." రాజేందర్ టోపీ సర్దుకున్నాడు. "తాండూరు పెండ్లిల ఏమేం మర్యాదలుంటయో చూసుకో. టీం లీడర్ శ్యామల. రేడియో చానెల్ ఆమె చేతుల ఉంటది."

శ్యామల సెక్షన్‌లో అందరికంటే అందగత్తె, అందరికంటే సీనియర్. ఎంత పెద్ద విందులోనైనా ఆమె అడుగు పెడితే మాటలు ఆగేవి. స్పెయిన్ ఆపరేషన్ మొత్తం హైదరాబాద్ డెస్క్ నుంచి నడిపించింది ఆమే. ఆ దేశంలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. "నాకు గా భాషల నమస్తే అనుడు గూడ రాదు," అని నవ్వేది.

శుక్రవారం నమాజు తర్వాత నిఖా. తాండూరు ఫంక్షన్ హాలు ముందు షామియానా వేశారు. కింద నాపరాతి బండలు ఎండకు వేడెక్కి ఉన్నాయి. సేడం నుంచి వచ్చిన చుట్టాలు కన్నడంలో, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఉర్దూలో, వంటవాళ్లు తెలుగులో అరుచుకుంటున్నారు. రెబెక్క పెళ్లికూతురి స్నేహితురాలి వేషంలో ఆడవాళ్ల వైపు నిలబడింది. గాజులో కెమెరా, మైకు, జుట్టు కింద చెవిలో ఇయర్‌పీస్. రాజేందర్ బయట ఐస్‌క్రీం వ్యానులో ఉన్నాడు.

"ఏం బిడ్డా, దిష్టిబొమ్మ లెక్క ఉత్తగ నిలబడ్డవ్?" షాహజాది ఒక గంప తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. "జర గీ పూలు పంచు. మల్లెల కాలం గాదాయె, చామంతులు తెప్పిచ్చిన. మనిషికి మూరెడు. గా పసుపుపచ్చ చీర ఆమెకు రెండు మూరలియ్యి, బేగం లెక్క ఉన్నది."

పసుపుపచ్చ చీర కట్టుకున్నది శ్యామల. రెబెక్క దండ చాపగానే ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. ముఖంలో నెత్తురు దిగిపోయింది.

"తియ్ అవుతల! సమాధుల మీది పూలు నెత్తిల పెట్టుకుంటరా ఎవరన్న?"

"గదేందక్కా? మనకాడ అందరు పెట్టుకుంటరు గద."

"వాసన పడది. ఎలర్జీ." శ్యామల నవ్వింది. నవ్వు ఆలస్యంగా వచ్చింది.

రెబెక్క గంపతో ముందుకు నడిచింది. కాళ్లు నడుస్తున్నాయి, మనసు ఆగిపోయింది. స్పెయిన్‌లో మొదటి రోజు తను చేసిన తప్పు గుర్తొచ్చింది. తను ఉండబోయే ఇంటి యజమానురాలు పిలార్‌కు కానుకగా గుత్తి నిండా చామంతులు తీసుకుపోయింది. వికారాబాదు పిల్ల తప్ప ఎవరూ చేయని తప్పు. పిలార్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని తలుపు సగం మూసింది. ఆ దేశంలో అవి చచ్చినవాళ్ల పూలు. మరి శ్యామలకు ఆ సంగతి ఎవరు చెప్పారు? తాము స్పెయిన్ పోకముందు ఏడాది, ఆఫీసు బతుకమ్మలో శ్యామల జడ నిండా ఇవే చామంతులు. ఆ భయం ఆమెకు కొత్తగా వచ్చింది. ఒక ఊరు ఊరంతా చామంతులు పట్టుకుని నడిచిన రోజు, ఆ జనంలో నడిచిన మనిషికే వచ్చే భయం అది.

ప్రేమ్‌సాగర్ ఎవరిని చూసి నవ్వాడో రెబెక్కకు తెలిసిపోయింది.

ఆమె గాజును నోటి దగ్గరికి తెచ్చింది. "కందిపప్పు మాడింది. మళ్లా చెప్తున్న, కందిపప్పు మాడింది." ప్రమాదానికి అదీ కోడ్. ఇయర్‌పీస్‌లో గాలి చప్పుడు కూడా లేదు. చానెల్ మూసేశారు. మూయగలిగేది ఒక్కరే.

అప్పుడే ఆడవాళ్లు ఒక్కసారిగా కేకలు వేశారు. జల్వా! కొత్త పెళ్లికొడుకును ఆడవాళ్ల వైపు తీసుకొచ్చి, పెళ్లికూతురి ముఖం మొదటిసారి అద్దంలో చూపించే వేడుక. యాసీన్ ముఖం మీద వేలాడే సెహ్రా పూలసరాల వెనక చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్నాడు. మరదళ్లు చుట్టుముట్టారు.

"దూల్హేభాయ్, మా అక్క ముఖం ఉత్తగ చూపిస్తమా? ఒక పాట పాడు ముందు!"

"నాకు కోడింగ్ తప్ప ఏం రాదు," అన్నాడు యాసీన్.

"గదే పాడు!"

షామియానా నవ్వులతో నిండింది. ఆ నవ్వుల మధ్య శ్యామల ముందుకు వచ్చింది. చేతిలో అత్తరు సీసా. వేళ్ల మధ్య చిన్న దూది ఉండ. పెళ్లికొడుకు చెవి మడతలో అత్తరు దూది పెట్టడం ఆ ఇళ్లలో మర్యాద. ఎవరు పెట్టినా కాదనరు. ఎండ పడి ఆమె వేళ్ల కొసలు మెరిశాయి. వాటి మీద కంటికి ఆనని రబ్బరు పొర ఉంది.

రెబెక్కకూ యాసీన్‌కూ మధ్య జనం గోడలా ఉన్నారు. తుపాకీ తీస్తే తొక్కిసలాట. తెలుగులో అరిస్తే పది తలలు తిరుగుతాయి, శ్యామల చేయి మాత్రం ఆగదు. యాసీన్ మర్యాదగా చెవి వంచాడు.

మెడ వెనక ఊపిరి తగిలింది. నోరు తెరిచింది రెబెక్కే. కానీ వచ్చిన గొంతు తనదో కాదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

"ఎస్తా దెత్రాస్ దె తీ!"

అతను నీ వెనకే ఉన్నాడు, అని. షామియానాలో ఎవరికీ అర్థం కాలేదు. మరదళ్లు నవ్వుతూనే ఉన్నారు. ఒకే ఒక్క తల గిరుక్కున వెనక్కి తిరిగింది. శ్యామల ఖాళీ గాలి వైపు చూసింది. ఖాళీ గాలిని చూసే చూపు కాదది. ఆమె చేయి యాసీన్ చెవికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది.

అంత సందు చాలు. రెబెక్క గంప విసిరేసి, పిల్లల మీదుగా దూకి ఆ మణికట్టు పట్టి విరిచింది. దూది నాపరాయి మీద పడింది. పడిన చోట బండ గోధుమరంగుకు తిరిగింది.

శ్యామల పెనుగులాడలేదు. "నీక్కూడ కనబడ్తడా?" అని గుసగుసగా అడిగింది. "నాకు రోజు వస్తడు. గా భాషలనే మాట్లాడ్తడు."

నవంబరు తర్వాత మొదటిసారి రెబెక్కకు ఒంటరితనం తగ్గినట్టనిపించింది. అలా అనిపించినందుకు ఒళ్లు జలదరించింది.

కేకలు విని రాజేందర్, అతని మనుషులు వచ్చి శ్యామలను వెనక దారిలో తీసుకుపోయారు. ముఠా పేర్లన్నీ చీకటి పడకముందే ఆమె చెప్పేసింది. ఆమెకు కావలసింది ఒకటే, రాత్రిపూట గదిలో ఎవరైనా తోడు ఉండాలి.

పెళ్లి ఆగలేదు. షాహజాది ఆగనివ్వలేదు. "బిడ్డా, నువ్వు ఎవరైతేంది, పోలీసైతేంది, మిలిట్రీ అయితేంది," అంటూ రెబెక్క పళ్లెంలో బిర్యానీ కుప్పగా పెట్టింది. "నా కొడుకు మీద పడవోయిన చెయ్యి ఇరగ్గొట్టినవ్. తిను. గింతకు గా పలుకు ఏంది, ఏం మంత్రం?"

"మంత్రం గాదు ఖాలా. సదువుకున్న."

"గసొంటి సదువు కూడ ఉంటదా!" అని ఆమె ఇంకో ముక్క వేసింది.

సాయంత్రం వ్యానులో రాజేందర్ రిపోర్టు రాయడానికి కూర్చున్నాడు. కలం ఆపాడు.

"శ్యామల స్పెయిన్ పోయిందని సాక్షి ఎవరని రాయాలె?"

"ప్రేమ్‌సాగర్ అని రాయున్రి సార్."

"వాడు సచ్చిపోయిండు గదనే."

"సచ్చిపోయిండు సార్." రెబెక్క కిటికీలోంచి కంది చేల వైపు చూసింది. "కానీ టైంకు వచ్చిండు. బతికున్నప్పుడు ఒక్కనాడన్న రాలే."

రాహేలమ్మ
వయసు అరవై ఎనిమిది
పుట్టింది బంట్వారం, ఇప్పుడు ఉండేది వికారాబాదు