వాచీ వెనక మూత

కత్తి మొన మెడకి ఆనుతోంది.

"ఇంకెంతసేపు?"

వాచీలు బాగుచేసే మిగ్డాలియా పట్టు బిగిస్తుంది. ఆమె చేతిలో డెబ్బై ఏళ్ళ నాటి వాచీ. మూతకీ లోపలి మిషన్‌కీ ఒకే నంబరు వేసిన రకం. వెనక మూత కదలనంటోంది!

కొనేవాడు సాయంత్రం విమానమెక్కే విదేశీయుడట. సర్వీసింగ్ ఇప్పుడే కావాలట. పాలిష్ వద్దు. డయల్ మీద మచ్చ తుడవొద్దు. ఒక్క స్క్రూ మారినా కొననన్నాడట. హవానాలో అలా చేసేది మిగ్డాలియా ఒక్కతేనని అతనే పంపాడట. వారం పడుతుందంది ఆమె. వాచీ తెచ్చిన రోయిలాన్ కత్తి తీశాడు.

ఠప్... కరెంటు పోయింది!

గోరుచుట్టు మీద రోకటిపోటు. రోజూ పోయేదే, ఇప్పుడే పోవాలా? ఆమెకి ఒళ్ళు మండిపోతోంది. బల్లని బాల్కనీలోకి లాగుతుంది. మూడో అంతస్తు. ఇక్కడ ఎండ ఉంది.

మళ్ళీ తిప్పుతుంది. జారుతోంది. మళ్ళీ...

మూత ఊడింది!

లోపలివైపు సన్నటి గీతలు. బాగుచేసినవాళ్ళు గీసుకునే గుర్తు.

'ఎం. 212. మార్చి.'

ఆమె గీసిందే!

రిజిస్టర్లో 212 ఎదురుగా ఉన్న పేరు డాక్టర్ బెలార్మినో. ఏప్రిల్లో ఆయన్నెవరో పొడిచి చంపారు. చేతి వాచీ మాయమైంది. ఆ హత్య చేశాడని జైల్లో పెట్టింది ఆమె తమ్ముడు ఉలీసెస్‌ని.

ఎవరి వాచీ అని మామూలుగా అడుగుతుంది. తాతదట. నలభై ఏళ్ళుగా సొరుగులోనే ఉందట.

అరిస్తే కత్తి దిగుతుంది. ఊరుకుంటే వాచీ విమానమెక్కుతుంది. తమ్ముడు జైల్లోనే ముసలివాడవుతాడు. ఏం చెయ్యాలో తోచక ఏడుపొస్తోంది.

కింద వీధిలో ఈల... రొట్టెలమ్మే ఒనేలియో! రోజూ ఆమె తాడు కట్టిన బుట్ట దించుతుంది. అతను రొట్టె వేస్తాడు.

"బుట్ట దించకపోతే పైకొచ్చేస్తాడు, బాబూ. ఈలోగా మిషన్ నువ్వే చూసుకో. తర్వాత పార్టు మార్చేశానంటే ఊరుకోను."

కంటి భూతద్దం అతనికిస్తుంది. రోయిలాన్ ఒక కంటికి అద్దం పెట్టి, రెండోది మూసుకుంటాడు.

బుట్ట దిగుతోంది. అందులో వెనక మూత... ఉలీసెస్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో చుట్టి! తమ్ముడి కేసు సంగతి ఒనేలియోకి తెలుసు.

రొట్టె పైకొస్తుంది. మిషన్ కడిగి, నూనె వేసి, సొరుగులో అదే రకం పాత మూత వెతికి బిగిస్తుంది. ముప్పై ఏళ్ళలో ఒకరి వాచీకి ఇంకొకరి పార్టు వెయ్యలేదు. తప్పదని తెలిసినా సిగ్గేస్తోంది.

టిక్... టిక్... రోయిలాన్ వెళ్ళిపోతాడు.

రెండు గంటలు గడిచాయి. మెట్ల మీద ధడధడ! తలుపు భళ్ళున తెరుచుకుంటుంది.

"నంబర్లు కలవలేదటే! కొననన్నాడు. నా మూతేదే?"

కిటికీ పక్క స్టూలు మీద చొక్కా నలిగిన పెద్దమనిషి. వాచీ కోసం వచ్చినవాడిలాగే ఉన్నాడు. అరచెయ్యి చాపుతాడు. అందులో ఓ మూత.

"ఇదేనా, నాయనా? బుట్టలో దొరికిందట."

రోయిలాన్ లాక్కుంటాడు. చేతిలోని మూత తీసిన వాచీ మిషన్ నంబరుతో పోల్చి చూస్తాడు. మొహం వెలిగిపోతుంది.

"ఇదే! నా వాచీదే! కావాలంటే నంబర్లు చూసుకోండి!"

"చూశాను. ఇప్పుడు లోపలివైపు తిప్పు."

పెద్దమనిషి జేబులోంచి బేడీలు తీస్తున్నాడు.

మిగ్డాలియా రిజిస్టర్ తెరిచి, 212 మీద వేలు పెడుతుంది.