అక్క శ్రుతి ఐదు

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే బస్సులో రాజేశ్వరి కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒళ్లో అక్క ఫోన్ ఉంది. అక్క దాన్ని ఆడుకోమని ఇవ్వలేదు, జాగ్రత్తగా పట్టుకోమని ఇచ్చింది. కానీ రాజేశ్వరి చేతులు ఊరికే ఉండే రకం కాదు.

అక్క వసుధ పక్కనే కళ్లు మూసుకుని ఉంది. పొద్దున్నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆడిషన్ రోజు లోపలికి వెళ్లేదాకా గొంతు వాడొద్దని సంగీతం నేర్పే సుబ్రమణ్యం సారు గట్టిగా చెప్పాడు. ఇంట్లో ఇంకో ఇడ్లీ కావాలా అని అమ్మ అడిగినా తల ఊపడమే.

మదనపల్లెలో ఒక కాలేజీలో మ్యూజిక్ డిగ్రీ ఉంది. సీట్లు పన్నెండే. వసుధ నెట్ సెంటర్లో అప్లికేషన్ పెట్టి నెల రోజులు ఎదురుచూశాక, ఆడిషన్‌కి రమ్మని మెసేజ్ వచ్చింది. నాయన చెంగల్రాయుడు టమోటా పండించే రైతు. పాటలు పాడితే పొట్ట నిండుతుందా అని ఆయన అనుమానం. చివరికి ఒక మాట మీదికి వచ్చాడు. గొంతు బాగుందని వాళ్లు సీటిస్తే మ్యూజిక్. లేకపోతే కుప్పంలో నర్సింగ్.

అక్క ఫోన్‌లో తంబూరా ఆప్ ఉంది. అది మోగుతుంటే దానికి గొంతు కలిపి పాడాలి. ఎంత ఎత్తులో మోగాలో అంకె పెట్టుకోవచ్చు. దాన్నే శ్రుతి అంటారు. ఒకరి చెప్పులు ఇంకొకరికి పట్టనట్టే, ఒకరి శ్రుతి ఇంకొకరికి సరిపోదు. వసుధ శ్రుతి ఐదు. రెండేళ్లుగా రోజూ వింటోంది కాబట్టి రాజేశ్వరికి ఇదంతా బాగా తెలుసు.

డ్రైవర్ గట్టిగా హారన్ కొట్టాడు. ఇది ఎన్నో శ్రుతో చూడాలని రాజేశ్వరికి బుద్ధి పుట్టింది. ఫోన్ చెవికి ఆనించుకుని అంకె మార్చింది. ఐదున్నర. కాదు. ఆరు. కాదు. ఆరున్నర. అచ్చం అదే! సంబరంతో ఇంకో హారన్ కోసం ఎదురుచూసింది. ఇంతలో బస్టాండు వచ్చింది. ముందు సీట్లో ఉన్న నాయన దిగండి, దిగండి అని తొందరపెట్టాడు. రాజేశ్వరి ఆప్ ఆపేసి ఫోన్ అక్కకు ఇచ్చేసింది. అంకె మాత్రం ఆరున్నర దగ్గరే ఉండిపోయింది.

కాలేజీ వరండాలో ముప్పై మంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. వసుధ పదే పదే తలుపు వైపు చూస్తోంది. ధైర్యం చెబుదామని రాజేశ్వరి ఆ చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో ఫోన్ ఉంది. దాన్ని చూడగానే రాజేశ్వరికి గుర్తొచ్చింది. అంకె మళ్లీ ఐదుకు మార్చలేదు.

చెప్పేద్దామని నోరు తెరిచింది. పక్కనే నాయన. పోయిన నెల తను బోరు స్విచ్చితో ఆడి మోటారు కాల్చినప్పుడు ఆయన వేసిన కేకలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. అంకె కంటికి కనబడుతుంది కదా, అక్కే చూసుకుంటుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. భయపడేవాళ్లకు ఇలాంటి సాకులు అడక్కుండానే దొరుకుతాయి.

అటెండర్ వసుధ పేరు పిలిచాడు. తలుపు మూసుకుంది. లోపల తంబూరా మోగింది.

ఆరున్నరే. భయంలో అక్క అంకె వైపు చూడనే లేదు.

పాట మొదలైంది. కింది స్వరాలు ఎలాగో నడిచాయి. పైకి వెళ్లేకొద్దీ గొంతు బిగుసుకుంది. ఇంకో మెట్టు ఎక్కబోయి చీలిపోయింది. వరండాలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాయన తల దించుకున్నాడు.

ఇప్పుడైనా వెళ్లి తలుపు తట్టాలి. నాలుగడుగుల దూరం. రాజేశ్వరి నాయన వైపు చూసి అక్కడే ఆగిపోయింది.

అక్క మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే చీలింది. తంబూరా ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మోగింది, ఈసారి ఐదులో. అక్క కనిపెట్టేసింది. గొంతు హాయిగా పైకి లేచింది. కానీ నాలుగు వరసలు పాడేలోపే బెల్ కొట్టారు.

బయటికి వచ్చిన వసుధ కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెల్లెలి వైపు ఒక్కసారి చూసింది. అక్కకు తెలిసిపోయిందని రాజేశ్వరికి అర్థమైంది. నాయనతో మాత్రం వసుధ ఆ సంగతి ఎత్తలేదు. భయానికి గొంతు పట్టేసిందని చెప్పి ఊరుకుంది.

నాలుగింటికి బోర్డు మీద లిస్టు పెట్టారు. పన్నెండు పేర్లలో వసుధ లేదు. కింద వెయిటింగ్ లిస్టులో రెండో పేరుగా ఉంది.

నాయన కోప్పడలేదు. "నీ గొంతు ఇంతేనని వాళ్లే తేల్చినారు గదమ్మా. దిగులు పడొద్దు. కుప్పానికే పోదాం" అన్నాడు మెల్లగా. వసుధ సరేనని తల ఊపింది.

ముగ్గురూ బస్టాండుకు బయల్దేరారు. రాజేశ్వరి వెనకబడింది. అక్క చెప్పదు. తనూ చెప్పకపోతే ఎవరికీ తెలియదు, తిట్లు ఉండవు. కానీ అక్క గొంతు మంచిది కాదని నాయన ఎప్పటికీ అనుకుంటాడు. అక్క కుప్పానికి వెళ్లిపోతుంది. అది తలుచుకుంటే నాయన కేకల కంటే ఎక్కువ భయమేసింది.

"నాయనా, నిలబడు" అంది. "అక్క గొంతు బాగలేక కాదు. బస్సులో ఆడుకుంటా నేను శ్రుతి మార్చేసినాను. అక్క లోపలికి పోకముందే గుర్తొచ్చింది. అయినా చెప్పలేదు."

ఊరుకోమే అని వసుధ చెయ్యి పట్టి లాగింది. రాజేశ్వరి ఊరుకోలేదు. నాయనకు ఏమీ అర్థం కాలేదు. శ్రుతి మారితే ఏమవుతుందని అడిగాడు.

"నువ్వు రెండు టమోటా క్రేట్లు మోస్తావు గదా. నెత్తిన మూడు పెట్టి మిద్దె ఎక్కమంటే ఎక్కగలవా? అక్కను అట్ల చేసినాను నాయనా."

నాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"యాల చెప్పలేదు మే అప్పుడే?"

"నువ్వు అరుస్తావని."

"నువ్వు యాల చెప్పలేదమ్మా?" అని వసుధను అడిగాడు.

"దాన్ని కొడతావని" అంది వసుధ. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు బయటపడింది.

నాయన అరవలేదు. కొట్టలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి కాలేజీ వైపు గబగబా నడిచాడు. అక్కాచెల్లెళ్లు ఆయన వెనకే పరిగెత్తారు.

ఆఫీసులో క్లర్కు బీరువాకు తాళం వేస్తున్నాడు. వెయిటింగ్ లిస్టులో రెండో పేరు మాదేనని, సీటు ఖాళీ అయితే ఎప్పుడు పిలిచినా వస్తామని నాయన కిటికీలోంచి చెప్పాడు. అందరూ అలాగే అంటారని, తీరా ఫోన్ చేస్తే వేరే కోర్సులో చేరిపోయామంటారని క్లర్కు విసుక్కున్నాడు.

"మేము యాడికీ పోము సార్. నంబరు రాసుకోండి. మా బిడ్డ గొంతు మంచిది" అన్నాడు నాయన.